ఆ అట్టముక్క ఏమైంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం మొన్న రాత్రి ఒకసారి చదివాను. పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని మళ్లీ చదివాను. చెల్లెలి ఎయిర్ రైఫిల్ సాధన కోసం ఇనుప టార్గెట్ స్టాండు సొంతంగా చేసుకోవడం ఎలాగో తెలుగులో చెప్పాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. చేతిపని గురించి చేసి చూసి రాసేవాళ్లు మనకు తక్కువ. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను. ఏమీ అనుకోకు.

మొదటి రెండు పేజీలు కొట్టేశాను. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, రెండూ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. గర్వపడాల్సిన సంగతే. కానీ టేపు చేతపట్టుకుని వెల్డింగ్ షాపు ముందు నిలబడి నీ వ్యాసం తెరిచిన మనిషికి ఆ పతకాలతో పని లేదు. పైపు ఎంత కొనాలో కావాలి. అది నువ్వు నాలుగో పేజీలో దాచావు.

నిజానికి ఆ నాలుగో పేజీయే నీ వ్యాసంలో బంగారం. అంగుళం చదరపు పైపు ఇరవై అడుగుల నిడివిలో వస్తుంది, అంటే దాదాపు 610 సెంటీమీటర్లు. నిలువు పైపులు రెండు, ఒక్కొక్కటి 150. అడ్డ ముక్కలు మూడు, 40 చొప్పున. కింద పాదాలు రెండు, 60 చొప్పున. ఏటవాలు ఊతలు రెండు, 30 చొప్పున. కూడితే 600. కోత బ్లేడు తినేది పోను ఒక్క పైపులో మొత్తం స్టాండు వచ్చేస్తుంది. ఈ లెక్క నువ్వు కాగితం మీద కూర్చుని వేసుకున్నావని చదవగానే తెలిసిపోతుంది. వ్యాసం ఇక్కడే మొదలుపెట్టు.

అయితే ప్రతి అంకె పక్కనా దాని కారణం కూడా ఉండాలి. 150 ఎందుకు? పోటీల్లో పది మీటర్ల టార్గెట్ నడిమధ్య నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి, అటూ ఇటూ 5 వరకు చెల్లుతుంది. ఈ వాక్యం రాస్తే పైపు కాస్త పొట్టిగా దొరికినవాడు కూడా కంగారు పడకుండా తన లెక్క తను చూసుకుంటాడు.

ఇంకొకటి. '40 సెంటీమీటర్ల వెడల్పు' అన్నావు. లోపలి కొలతా, బయటి కొలతా? అంగుళం పైపులు రెండు కలిస్తే ఐదు సెంటీమీటర్ల తేడా వస్తుంది. నా తొలి రోజుల్లో ఒక ఇనుప ఫ్రేము గురించి రాస్తూ ఇదే తప్పు చేశాను. ఒకాయన నా వ్యాసం చదివి ఫ్రేము చేయించుకుని, లోపల పెట్టాల్సిన పెట్టె పట్టలేదని, ఆ ఫ్రేమును బస్సులో వేసుకుని మా ఇంటికే వచ్చాడు. తిట్టలేదు. కాఫీ తాగి, "ఇప్పుడేం చేద్దాం మాస్టారూ?" అన్నాడు. తిట్టినా బాగుండేది.

భాష సంగతి. 'లక్ష్య ఫలక ఆధార నిర్మాణం' ఏమిటయ్యా? రెండు పేరాలు దాటాక గానీ అది స్టాండు అని నాకు అర్థం కాలేదు. 'సంధాన ప్రక్రియ నిర్వహించబడవలెను' అంటే ఏ వెల్డర్ అయినా నిన్ను ఎగాదిగా చూస్తాడు. వెల్డింగ్ చేయాలి, అంతే. మూల సరిగ్గా ఉందో లేదో చూసే పనిముట్టుకు మూలమట్టం అన్నది మాత్రం చక్కని మాట, వడ్రంగి దగ్గరా వినపడుతుంది, వెల్డర్ దగ్గరా వినపడుతుంది. అది వాడావు, సంతోషం.

ఇక అసలు విషయానికి వస్తాను. నెల కిందట నువ్వు ఫోనులో మొదటి స్టాండు సంగతి చెప్పి నవ్వించావు. ఒక మూల పూర్తిగా వెల్డింగ్ చేసేసి రెండో మూలకు వెళ్లావు. చల్లారాక చూస్తే ఫ్రేము మెలి తిరిగింది, ఒక పాదం నేలకు ఆనలేదు. మడిచిన అట్టముక్క దాని కింద దోపి పని కానిచ్చావు. రైఫిల్ గుండు, అదే పెల్లెట్, తగిలినప్పుడల్లా గురి చూసే కార్డు వణికేది, చెల్లెలు విసుక్కునేది. వ్యాసంలో ఆ అట్టముక్క ఏమైంది? ఒక్క మాట కూడా లేదు. అంతా మొదటిసారే సాఫీగా కుదిరినట్టు రాశావు.

చదివేవాడి స్టాండు కూడా అక్కడే చెడుతుందయ్యా. కరిగిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ పైపును తన వైపు లాగుతుంది. అందుకే ముందు అన్ని మూలల్లోనూ చిన్న వెల్డింగ్ చుక్కలు మాత్రమే పెట్టాలి. తర్వాత ఎదురెదురు మూలల మధ్య దూరం ఐమూలగా టేపుతో కొలవాలి. రెండు కొలతలూ సమానమైతేనే ఫ్రేము సరిగా ఉన్నట్టు. తేడా ఉంటే ఆ దశలో సుత్తితో తట్టి సరిచేయవచ్చు. పూర్తి వెల్డింగ్ ఆ తర్వాతే, అదీ ఒకే చోట కాకుండా ఒక మూల తర్వాత దాని ఎదుటి మూల. రెండో స్టాండుకు నువ్వు చేసింది ఇదే. పాదాల చివర నట్టు అతికించి బోల్టు దించి, చెల్లెలు సాధన చేసే గోదాం నేల ఎగుడుదిగుళ్లకు సర్దావు కూడా. అట్టముక్క కథ ముందు చెబితే ఇవన్నీ ఎందుకో చదివేవాడికి వేరే చెప్పనక్కర్లేదు. రైఫిల్ కార్డు మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. కార్డు వణుకుతుంటే గురి తప్పింది పిల్లదో, స్టాండుదో ఎలా తేలుతుంది?

జాగ్రత్తలన్నీ పోగేసి ఆఖరి పేరాలో పడేశావు. అంతవరకు చదివేలోపే అతను గ్రైండర్ పట్టుకుని ఉంటాడు. ఏ పని దగ్గర ప్రమాదముందో ఆ వాక్యం పక్కనే హెచ్చరిక ఉండాలి. జింకు పూత ఉన్న పైపు అయితే వెల్డింగ్ చేసే చోట పూత గీకేయాలి, గాలి ఆడే చోట చేయాలి, ఆ పొగ ఒంటికి మంచిది కాదు. కార్డు వెనక 3 మిల్లీమీటర్ల రేకు పై అంచు షూటర్ వైపు వంగి ఉండాలి, అప్పుడే పెల్లెట్ కింది పెట్టెలోకి జారుతుంది. నిటారుగా పెడితే వెనక్కి ఎగురుతుంది. సీసం పెల్లెట్లే వాడాలి, ఉక్కు గుండ్లు వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి. పెట్టె ఖాళీ చేశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం కదా. వెల్డింగ్ వెలుగును ఉత్త కళ్లతో చూస్తే ఏమవుతుందో నన్నడుగు. ఆ రాత్రంతా కళ్లలో ఇసుక పోసినట్టే ఉంది, మా ఆవిడ తడిగుడ్డలు మారుస్తూ కూర్చుంది.

రెడ్ ఆక్సైడ్ గురించి ఒక పేజీ అనవసరం. తుప్పు పట్టకుండా పూయాలి, రెండు వాక్యాలు చాలు.

తిరగరాసి పంపు. అచ్చుకిచ్చే ముందు ఆ కాగితాలు ఏదైనా వెల్డింగ్ షాపులో ఎవరికైనా చదివి వినిపించు, అతను ఎక్కడ ఆపి అడుగుతాడో అక్కడ గుర్తు పెట్టుకో. అన్నట్టు, పాదాల మీద ఇసుక సంచి పెట్టానన్నావు, ఎంత బరువో రాయలేదు. తూచి రాయి. చెల్లెలికి నా ఆశీస్సులు చెప్పు.