ముందు ఫోర్కు చూడు బిడ్డా

బిడ్డా,

నిన్న మీ నాయిన ఫోన్ చేసిండు. నల్లగొండ కాడ పానగల్లుల రూము తీసుకున్నవట, గడియారం సెంటర్ దాకా రోజూ ఆటోకు పెట్టే పైసలు దండగని పాత సైకిల్ కొంటనంటున్నవట. వినంగనే మనసు నిండింది. మన ఇంట్ల ఒక ఆడపిల్ల తన జీతంతోని తన సైకిల్ కొనుక్కునుడు ఇదే మొదలు. రాత్రి పండుకున్నంక మాత్రం బైపాసు మీది లారీలు యాదికొచ్చి నిద్ర పట్టలే. అందుకే లేచి రాస్తున్న.

నీ ఎత్తుకు 26 అంగుళాల చక్రాల లేడీస్ సైకిల్ సరిపోతది. గేర్లది, నడుమ స్ప్రింగు ఉన్నది వద్దు. పాతదయినంక ఆ స్ప్రింగు కాడ బుష్షులు అరిగి సైకిల్ ఊగుతది, తొక్కే బలంల కొంత స్ప్రింగే తింటది. నల్లగొండ తొవ్వలకు ఒక్క గేరు, వెనక చైన్ ఎక్కే 18 పండ్ల ఫ్రీవీలు చాలు. సీటు మీద కూసొని కింది పెడల్ మీద మడమ పెడితే కాలు చక్కగ సాగాలె, సీటు ఆ ఎత్తుకు పెట్టించుకో. కొత్త సాదా సైకిలే ఐదారు వేలకు వస్తున్నది, పాతదానికి 2,000 దాటనియ్యకు. ఇంకో వెయ్యి రిపేరుకు పక్కకు పెట్టుకో, అది ఖర్చయితది.

పొద్దుగాల వెలుతురుల చూడు. మాపటికి లైటు కింద చూస్తే రంగు మాటున ఏమున్నదో తెల్వదు. పెడల్ ఇరుసు గొట్టం అడుగున గాని, సీటు గొట్టం మీద గాని నంబరు కొట్టి ఉంటది. ఆ నంబరును ఆకురాయితో గీకి ఉంటే మాట్లాడకుండ వచ్చెయ్. మంచిగుంటే అదే నంబరు వేసి అమ్మినోళ్లతోని కాయితం మీద సంతకం తీసుకో.

ఇగ ఫోర్కు సంగతి, అంటే ముందు చక్రాన్ని రెండు దిక్కుల పట్టుకునే రెండు కాళ్ల గొట్టం. ఇది నిమ్మళంగ చదువు. మీ నాయిన గదవ కింద కుట్ల మచ్చ చూసినవు గదా? అది నేను బెండు తీసిన ఫోర్కు చేసిన పని. గుద్దుకొని వెనక్కి వంగినదాన్ని పారేయాల్సింది పోయి, గొట్టం దూర్చి వంచి చక్కగ చేసి, రంగేసి ఇచ్చిన. నెల తిరగకముందే విరిగింది. ఎందుకు విరిగిందో మాత్రం నువ్వు తెలుసుకోవాలె.

ఇనుము ఒకసారి వంగితే వంగిన కాడ పెళుసైతది. మళ్లీ దాన్నే అటు వంచితే అక్కడ వెంట్రుక వాసి చీలిక పుడతది. అది పుట్టేది ఫోర్కు రెండు కాళ్లు కలిసే తల కాడ, గొట్టం లోపలికి పోయే చోట. అక్కడ బేరింగు కప్పు మూసి ఉంటది, విప్పితే తప్ప కనపడదు. ముందు బ్రేకు పట్టినప్పుడల్లా, గుంతల పడ్డప్పుడల్లా భారమంత ఆ ఒక్క చోటికే పోతది, చీలిక ఇంతింత పెరుగుతది. చైన్ తెగితే దిగి నడిపించుకుంట రావచ్చు. ఫోర్కు విరిగితే చేతులు అడ్డం పెట్టే సందు కూడా ఉండదు, ముఖమే ముందు నేలకు తగులుతది.

ఎట్ల చూడాలెనంటే, సైకిల్‌ను స్టాండు మీద నిలబెట్టి, హ్యాండిల్ చక్కగ పెట్టి, నాలుగడుగులు పక్కకు పో. ఒక కన్ను మూసి హ్యాండిల్ కింద ఫ్రేము ముందు గొట్టం వాలు చూడు. అదే వాలుల ఫోర్కు కాళ్లు కిందికి సాగి, చివరన ముందుకు వంపు తిరగాలె. తల కాడ్నుంచే వెనక్కి నెట్టినట్టుంటే గుద్దుకున్న సైకిలే. తర్వాత ముందుకు నిలబడి రెండు కాళ్ల నడుమ చక్రం చూడు, రెండు దిక్కుల సందు సమానంగ ఉండాలె. ఆ తర్వాత ముందు గొట్టం నుంచి పెడల్ దిక్కు దిగే గొట్టం అడుగున, పైన జాన దూరం, వేలిగోరు పెట్టి జరుపు. గట్టిగ గుద్దుకుంటే అక్కడ గొట్టం ముడత పడతది, రంగు సన్నగ పగులుతది. కండ్ల కంటే గోరుకు ముందు తెలుస్తది. సైకిలంత పాత రంగుండి ఆ ఒక్క చోట కొత్త రంగు మెరుస్తుంటే ఎందుకేసిన్రని కూడా అడగకు. వెల్డింగ్ పెట్టినం, ఇంకా గట్టిగైంది అంటే అసలే వద్దు. ఫ్రేము మంచిగుండి ఫోర్కు ఒక్కటే వంగితే కొత్తది వేయించు, కొన్ని వందల పని. బెండు తీస్తమని ఎవరన్నా అంటే వినకు. తిట్టినట్టున్నా సరే, వినకు బిడ్డా.

ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకు వెనక్కి ఊపు. హ్యాండిల్ కాడ టకటకమంటే కప్పులు లూజు, బిగిస్తే పోతది. హ్యాండిల్ తిప్పుతుంటే నడిమిట్ల పట్టేసినట్టుంటే కప్పుల్ల గుంతలు పడ్డయి, మార్చాలె.

పెడళ్లు రెండూ నేలకు సమంగ పెట్టి రెండు చేతులతో కిందికి నొక్కు. సగం చుట్టు తిప్పి మళ్లీ నొక్కు. టక్కుమంటే కాటర్ పిన్ను, అంటే పెడల్ కడ్డీని (క్రాంకును) ఇరుసుకు బిగించే పిన్ను, లూజు. పిన్ను అగ్గువనే, గాని లూజుతోనే తొక్కితే క్రాంకు రంధ్రం కోడిగుడ్డు లెక్క సాగుతది, ఇగ ఎన్ని పిన్నులు మార్చినా నిలువయి. కొత్త పిన్నును నట్టు బిగించి లాగుతుంటే మెకానిక్‌ను ఆపు. క్రాంకు కింద ఇనుప ఊతం పెట్టి, పిన్నును సుత్తితో కొట్టి కూసోబెట్టాలె. నట్టు అది జారకుండ పట్టుకునేందుకే. రెండు పిన్నుల నట్లు ఉల్టా దిక్కులకు రావాలె, లేకుంటే పెడళ్లు ఒక్క వరుసల ఉండవు. రెండు రోజులు తొక్కినంక ఇంకోసారి కొట్టించి బిగించుకో. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటదని కూడా యాదిపెట్టుకో, తెల్వక తిప్పితే క్రాంకు మర పోతది.

చైన్‌కు స్కేలు పెట్టు. ఒక పిన్ను నడిమి నుంచి లెక్కపెడితే 24 పిన్నుల అవతలిది సరిగ్గ 12 అంగుళాల కాడ ఉండాలె. ఎనిమిదో వంతు అంగుళం ఎక్కువొస్తే చైన్ ఒక్కటే మారిస్తే సరిపోదు, పండ్లు కూడా అరిగినట్టే. వెనక బ్రేకు గట్టిగ పట్టి పెడల్‌ను బలంగ తొక్కి చూడు. ఫ్రీవీలు గిర్రుమని జారితే మార్పించు. ఎత్తు మీద లేచి తొక్కేటప్పుడు జారిందంటే హ్యాండిల్ మీద పడతవు.

చక్రం లేపి తిప్పి, బ్రేకు రబ్బరు కాడ చూడు. రిమ్ము రెండు మూడు మిల్లీమీటర్లు అటిటు ఊగితే బెండు తీస్తరు. ఒక్క చోట సొట్టపడి ఎగిరితే రిమ్ము మార్చుడే. స్పోకులు రెండ్రెండు పట్టి పిసుకు, సాధారణంగ ముందు 32, వెనక 40 ఉంటయి, ఒక్కటి కూడా వదులు ఉండొద్దు. బ్రేకు రబ్బర్లు ఎట్లున్నా కొత్తవి వేయించు. తీగను లివరు కాడ వంచి చూడు, ఒక్క పోగు తెగినా మార్చు. ఇనుప రిమ్ము వానకు తడిస్తే బ్రేకు సగం కూడా పట్టదు. వాన పడ్డ రోజు ముందు నుంచే బ్రేకు మెల్లగ ఆనిచ్చి రిమ్ము తుడుచుకుంట పో, ముందు బండికి మామూలు కంటే రెండింతలు ఎడం ఉంచు.

టైరు పక్కలు ఎండకు పగిలినయా చూడు. మన ఎండకాలంల గాలి గట్టిగ నింపి ఎండల నిలబెడితే పాత అతుకు జిగురు మెత్తబడి లేస్తది, వాల్వ్ మీద తొడిగే సన్న రబ్బరు గొట్టం, వాల్వ్ ట్యూబు, సాగి గాలి పోతది. నీడకు పెట్టు. సర్కారు తుమ్మ ముల్లు దిగి పంచరైతే, అతుకు వేసినంక టైరు లోపల దూది ముద్దతో చుట్టూ రుద్దు. ముల్లు మొన మిగిలుంటే దూది పోగులు పట్టుకుంటది. వేలుతో వెతకకు, గుచ్చుకుంటది.

ఇంకొకటి నాకు చాన భయం. నీ చున్నీ. వెనక చక్రానికి రెండు దిక్కుల జాలి, చైన్‌కు పూర తొడుగు లేని సైకిల్ ఎంత అగ్గువకు ఇచ్చినా తీసుకోకు. చున్నీ నడుముకు కట్టి పిన్ను పెట్టుకో. వెనక ఎర్ర లైటు, బెల్లు, రెండు తాళాలు కొనుక్కో. కొన్న వారంల ఓరాయిలింగు చేయించు, అంటే అంత విప్పి కడిగి మళ్లీ బిగించుడు. బేరింగు గుండ్లు ముందు చక్రానికి 3/16 అంగుళం, వెనక్కి 1/4 అంగుళం, పాతయి కడిగి వేయనియ్యకు, కొత్తయి పెట్టించి గ్రీజు నింపించు.

ఆదివారం మీ నాయిన నీ దగ్గరికి వస్తడట. రెండు కాటర్ పిన్నులు, గజం వాల్వ్ ట్యూబు, నా చిన్న పానా పంపుతున్న. సైకిల్ నచ్చితే బేరం తెగకముందే ఫోర్కు కనపడేటట్టు పక్క నుంచి ఒక ఫోటో, పెడల్ దిక్కు దిగే గొట్టం అడుగున దగ్గరి నుంచి ఒక ఫోటో తీసి పంపు. చూసి నేను సరేననేదాకా పైసలు ఇయ్యకు.

మీ పెదనాన్న
దేవరకొండ