మా అమ్మాయి బరువులెత్తడం మాన్పించాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది ఒడిశాలోని బరంపురం. మావారికి టిఫిన్ బండి ఉంది. మా అమ్మాయికి 15 ఏళ్లు, ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు. రెండేళ్ల కిందట మా వీధి క్లబ్బులో వెయిట్‌లిఫ్టింగ్‌లో చేరింది. అప్పట్లో ఉత్త బార్ ఎత్తడానికే తూలిపోయేది. ఇప్పుడు స్నాచ్ (ఒక్క ఊపులో బార్‌ను తలపైకి ఎత్తడం) 48 కేజీలు, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 62 కేజీలు చేస్తోంది. మొన్న రాష్ట్ర పోటీల్లో 44 కేజీల విభాగంలో రెండో స్థానం వచ్చింది. మావారి సంబరం అంతా ఇంతా కాదు, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం ఖాయమని బండి దగ్గర అందరికీ చెబుతున్నారు. మా అత్తగారు, ఆడపడుచు మాత్రం “ఆ ఇనుము మోస్తే గుంట ఇంక ఎదగదు, రేపు పెళ్లికీ పిల్లలకీ ఇబ్బందే” అని రోజూ ఒకటే పోరు. దాని చేతులు కాయలు కాచిపోయాయి. మామూలుగా 46, 47 కేజీలు ఉంటుంది, పోటీలకు తగ్గాలని రాత్రి అన్నం మానేస్తుంది, మూడు నెలలుగా నెలసరి కూడా రాలేదు. పైగా వచ్చే ఏడాది మెట్రిక్ (పదో తరగతి) పరీక్షలు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మాన్పించేయాలా?
– ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, ఎత్తు గురించి, పెళ్లి గురించి, కాయల గురించి ఇంత వివరంగా రాశారు. నన్ను నిజంగా కంగారు పెట్టిన మాటను మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. రాత్రి అన్నం మానేస్తోంది, మూడు నెలలుగా నెలసరి లేదు. మిగతావన్నీ ఆగుతాయి, ఇది ఆగదు. ఆట మాన్పించకండి. ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పదిహేనేళ్ల పిల్ల రోజూ అంత కసరత్తు చేస్తూ, దానికి సరిపడా తినకపోతే ఒళ్లు ఉన్న కాస్త శక్తినీ గుండెకూ ఊపిరికీ అట్టేపెట్టుకుని, మిగతా పనులు ఆపేస్తుంది. మొదట ఆగేవాటిలో నెలసరి ఒకటి. “ఆటలాడే పిల్లలకు ఇది మామూలే” అని క్లబ్బులో ఎవరైనా అంటే నమ్మకండి. నెలసరి ఆగిందంటే ఎముకలకు బలాన్నిచ్చే హార్మోన్ తగ్గిందని అర్థం. జీవితాంతం మనల్ని మోసే ఎముక గట్టిపడేది ఎక్కువగా ఈ వయసులోనే. ఇప్పుడు పోగొట్టుకుంటే తర్వాత పూర్తిగా పూడ్చుకోవడం కష్టం. మీ అత్తగారు పిల్ల ఎముకల గురించి భయపడటంలో తప్పులేదు. కాకపోతే ఆ ముప్పు ఇనుము వల్ల రావడం లేదు, ఖాళీ కడుపు వల్ల వస్తోంది.

మీ ఊళ్లోనే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. గైనిక్ ఓపీలో చూపించండి. పిల్ల ఏ ఆట ఆడుతోందో, బరువు ఎలా తగ్గిస్తోందో దాచకుండా చెప్పండి. రక్తహీనత, థైరాయిడ్ లాంటి పరీక్షలు రాస్తారు, చేయించండి. డాక్టరు కొన్ని ప్రశ్నలు అమ్మాయిని ఒంటరిగా అడుగుతామంటే మీరు బయట కూర్చోండి. అది మీ పెంపకం మీద అనుమానం కాదు, ఆ వయసు పిల్లలందరినీ అలాగే అడుగుతారు.

ఆసుపత్రికి బయల్దేరే ముందు ఇంట్లో జరగాల్సింది ఒకటుంది. ఈ పిల్ల మీకు నెలసరి సంగతి తనంతట తాను చెప్పిందా, మీరే కనిపెట్టారా? రెండోదేనని నా అనుమానం. నానమ్మ, మేనత్త రోజూ “మాన్పించేయండి” అంటుంటే, ఒంట్లో బాగాలేదని చెబితే ఏమవుతుందో దానికి తెలుసు. అందుకే దాస్తుంది. మీరు ముందుగా “నీ ఆట మాన్పించడానికి కాదే, నువ్వు ఇంకా బాగా ఆడాలనే తీసుకెళ్తున్నాను” అని చెప్పండి. ఆ మాట మీద నిలబడండి. ఒకసారి నమ్మకం కుదిరితే మిగతావి అదే చెబుతుంది. అన్నం తిన్నానని అబద్ధం చెబుతోందా, రోజుకు నాలుగైదుసార్లు బరువు చూసుకుంటోందా, తిన్న తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లి కక్కుతోందా గమనించండి. వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు చెప్పి, మానసిక వైద్యులకు కూడా చూపించండి.

ఇక ఎత్తు. మీరిద్దరూ ఎంత ఎత్తో మీరు రాయలేదు, కానీ పిల్ల ఎత్తు చాలావరకు తేలేది అక్కడే. ఆడపిల్లలు పెద్దమనిషి అయిన రెండు, రెండున్నరేళ్లకు ఇంచుమించు ఎదగాల్సినంత ఎదిగేస్తారు. మీ అమ్మాయి పన్నెండు పదమూడేళ్లకు పెద్దమనిషి అయి ఉంటే, బరువులెత్తినా ఎత్తకపోయినా ఇక పెరిగేది కొద్దిగానే. సరైన కోచ్ దగ్గర, పద్ధతిగా బరువులెత్తే పిల్లలకు ఎదుగుదల ఆగిపోతుందని వైద్యులు ఎక్కడా చూడలేదు. ఎముకల చివర ఎదిగే భాగానికి దెబ్బ తగలడం జరగొచ్చు. అది ఎక్కువగా ఎవరూ చూడకుండా, పంతానికి, చేతకాని బరువు ఎత్తబోయినప్పుడు జరుగుతుంది.

ఈ ఆటలో పొట్టివాళ్లే ఎందుకు కనిపిస్తారని మీ ఆడపడుచు అడిగితే ఇలా చెప్పండి. పొట్టిగా ఉన్నవాళ్లు బార్‌ను నేల నుంచి తలపైకి తీసుకెళ్లాల్సిన దూరం తక్కువ. పోటీ కూడా ఒళ్లు బరువును బట్టి పెడతారు కాబట్టి, పొట్టిగా గట్టిగా ఉన్నవాళ్లు ఇందులో నిలుస్తారు. టోక్యో ఒలింపిక్స్‌లో 49 కేజీల విభాగంలో, రెండు పద్ధతులూ కలిపి మొత్తం 202 కేజీలెత్తి వెండి పతకం తెచ్చిన మీరాబాయి చానుకు ఐదడుగులు కూడా ఉండవు. టర్కీ వీరుడు నయీమ్ సులేమానోగ్లు ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే మీ అమ్మాయి కంటే రెండు మూడు సెంటీమీటర్లే ఎక్కువ. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కేజీల విభాగంలో క్లీన్ అండ్ జెర్క్‌లో 190 కేజీలు తలపైకెత్తాడు, తన బరువుకు మూడింతలు దాటి. మీ ఒడిశా అమ్మాయే ఝిల్లీ దళబెహెరా 45 కేజీల విభాగంలో 2021లో తాష్కెంట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ బంగారం గెలిచింది. పిల్ల పొట్టిగా ఉండటం ఇక్కడ లోటు కాదు, దానికి కలిసొచ్చిన సంగతి.

కానీ ఆ కలిసొచ్చినదాన్ని ఆకలితో పాడుచేయకూడదు. పోటీల్లో బరువు తూచడం మొదలయ్యేది ఆట మొదలవడానికి రెండు గంటల ముందు. తిండి మాని, నీళ్లు మాని కేజీ, రెండు కేజీలు దించుకుని వచ్చిన పిల్లకు ఆ కాస్త వ్యవధిలో సత్తువ తిరిగి రాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్‌కు ఏం జరిగిందో మీవారికి గుర్తుండే ఉంటుంది. కుస్తీలో 50 కేజీల ఫైనల్ రోజు పొద్దున 100 గ్రాములు ఎక్కువ ఉందని పక్కన పెట్టారు. రాత్రంతా నిద్రపోకుండా తగ్గించే ప్రయత్నం చేసి చివరికి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. వెంట డాక్టర్లున్న, ఎన్నేళ్లో అనుభవం ఉన్న పెద్ద క్రీడాకారిణి సంగతే అది. పదిహేనేళ్ల పిల్ల మీ వంటింట్లో కూర్చుని ఒంటరిగా ఆ పని చేస్తోంది.

కాబట్టి మీ అమ్మాయి 44లో ఆడకూడదు. 48లో ఆడాలి. మొదట పతకం రాకపోవచ్చు, నష్టం లేదు. కరణం మల్లీశ్వరి గారిని చూడండి. మీకు ఎంతో దూరం కాని ఆమదాలవలసలో చిన్నతనంలోనే నీలంశెట్టి అప్పన్న గారి దగ్గర మొదలుపెట్టారు. 1994, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయింది 54 కేజీల విభాగంలో. 2000లో సిడ్నీలో మన దేశానికి ఆడవాళ్లలో మొదటి ఒలింపిక్ పతకం తెచ్చింది 69 కేజీల విభాగంలో, మొత్తం 240 కేజీలెత్తి. పై విభాగానికి వెళ్లడమంటే వెనకబడటం కాదని మీవారికి చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. మీ అత్తగారికి చెప్పాల్సింది కూడా ఇందులోనే ఉంది: మల్లీశ్వరి గారు 1997లో తోటి వెయిట్‌లిఫ్టర్‌నే పెళ్లి చేసుకున్నారు, సిడ్నీ తర్వాత 2001లో బాబు పుట్టాడు. ఏమైనా పదిహేనేళ్ల పిల్ల ముందు పెళ్లి మాట ఎత్తొద్దని ఇంట్లో గట్టిగానే చెప్పండి.

తిండి విషయంలో ఖరీదైనవేమీ అక్కర్లేదు. రాత్రి అన్నం ఆపకూడదు, అది మొదటి షరతు. కసరత్తు చేసి వచ్చిన అరగంట, గంటలోపు ఏదో ఒకటి కడుపులో పడాలి. రెండు గుడ్లు, లేదా చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, లేదా దాల్మాతో (కూరగాయలు వేసి వండే పప్పు) అన్నం. గోపాల్‌పూర్ నుంచి వచ్చే చిన్న చేపలు మీకు చవకగానే దొరుకుతాయి, వారంలో మూడు నాలుగు సార్లు పెట్టండి. మీ ఇంట్లోనే పొద్దున్నే ఇడ్లీ పిండి, పప్పు, చట్నీ సిద్ధంగా ఉంటాయి. బండికి వెళ్లేముందు దాని వాటా తీసి పెట్టండి. డబ్బాల్లో అమ్మే ప్రొటీన్ పౌడర్లు ఎవరు ఇచ్చినా వద్దనండి. వాటిలో నిషేధించిన మందు కలిసి ఉంటే డోప్ పరీక్షలో తప్పు పిల్లదే అవుతుంది, ఎవరిచ్చారన్నది లెక్కలోకి రాదు. జలుబు మాత్రకైనా “ఆటగాళ్లు వాడొచ్చా?” అని అడిగే అలవాటు చేయించండి.

మీరు ఎప్పుడైనా క్లబ్బుకు వెళ్లి చూశారా? ఉత్తరం చదివితే వెళ్లలేదనిపించింది. ఒక సాయంత్రం వెళ్లి మూల కూర్చోండి. పిల్ల చేతులకు సుద్దపొడి రాసుకుని, బొటనవేలిని బార్‌కు చుట్టి దాని మీద మిగతా వేళ్లు బిగిస్తుంది. బార్ మోకాళ్ల ముందు నుంచి ఒంటికి రాసుకుంటూ లేస్తుంది. అది ఛాతీ దాటే లోపు పిల్ల చటుక్కున దాని కిందికి కూర్చుంటుంది. మోటు బలమని మనం అనుకునే ఆటలో సగం ఆ కిందికి దూరే ఒడుపే. రెండేళ్లు రోజూ చేస్తే తప్ప రాదు. అరచేతి కాయలు ఆ రెండేళ్లవి. స్నానం అయ్యాక కాళ్లు రుద్దుకునే రాయితో మెల్లగా అరగదీసి కొబ్బరినూనె రాస్తే చర్మం చిరగదు.

అక్కడ మీరు చూడాల్సింది కోచ్‌ను. మొదట 15 కేజీల ఉత్త బార్‌తో చేయిస్తున్నారా, నడుం వంగిపోతుంటే బరువు తగ్గిస్తున్నారా, ఇంకో ప్లేటు వేసి “ఎత్తు ఎత్తు” అని అరుస్తున్నారా? మిగతా అమ్మాయిలు ఉన్నారా? బయటి ఊళ్లకు పోటీలకు వెళ్తే వెంట మహిళా మేనేజరు ఉంటారా? ఇవన్నీ అడగడం తల్లిగా మీ హక్కు, మొహమాటపడకండి.

మెట్రిక్ చదివే ఏడాది వారానికి మూడు రోజుల కసరత్తు చాలు, పరీక్షల ముందు ఇంకా తగ్గించొచ్చు. రెండేళ్లు కష్టపడి నేర్చుకున్నది రెండు నెలల్లో పోదు.

మీవారితో మాట్లాడటమే మీకు కష్టమని తెలుస్తోంది. ఆయన ప్రేమను తప్పుపట్టను. బరంపురం కుర్రాడు కటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం తెచ్చినప్పుడు ఊరు ఊరంతా చూసింది కదా, ఆ కలే ఆయనదీ. కానీ రైల్వే ఉద్యోగం ఖాయమని బండి దగ్గర చెప్పిన ప్రతిసారీ ఆ మాట పిల్ల నెత్తిన పడుతుంది, ఆ రాత్రి అన్నం ఇంకాస్త తగ్గుతుంది. నెలసరి సంగతి ఆయనకు చెప్పండి. కూతురి ఆరోగ్యం తండ్రి దగ్గర దాచాల్సిన విషయం కాదు.

తర్వాత మీరిద్దరూ కలిసి కోచ్ దగ్గరికి వెళ్లండి. డాక్టరు సరే అనేదాకా పోటీలకు పంపేది లేదని, ఆ తర్వాత 48లోనే ఆడుతుందని చెప్పండి. మంచి కోచ్ అయితే వెంటనే ఒప్పుకుంటారు. “44లో అయితేనే పతకం” అని పట్టుబడితే వేరే కోచ్‌ను చూసుకోండి. డాక్టరు ఏమన్నారో నాకు మళ్లీ రాయండి.