డిగ్రీ కోసం దాచిన డబ్బు, ఎలక్ట్రీషియన్ కావాలనుకుంటున్న కొడుకు

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్లు. ఇప్పుడే స్కూలు చదువు అయిపోయింది. మార్కులు ఓ మోస్తరుగా వచ్చాయి. ఒక కంపెనీలో అప్రెంటిస్‌గా చేరి ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటానంటున్నాడు. మావారికి అది ఇష్టం లేదు. ఏదో ఒక డిగ్రీ ఉండాల్సిందే, లేకపోతే జీవితాంతం ఒకరి కింద చెయ్యి చాచుకుని ఉండాలంటారు. వాడి చదువు కోసం చిన్నప్పటి నుంచి దాచిన డబ్బు ఉంది. కానీ అది నాలుగేళ్ల డిగ్రీ ఖర్చులో సగానికే వస్తుంది. మిగతా సగానికి లోన్ తీసుకోవాలా, మా రిటైర్మెంట్ డబ్బు కదపాలా, లేక వాడి మాట వినాలా? ఇంట్లో రోజూ ఇదే టెన్షన్.

జవాబు: అమ్మా, మీరు రాసిన మూడు దారుల్లో ఒకదాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోకండి. చదువుకు అప్పు దొరుకుతుంది. పని చేయలేని వయసులో ఇల్లు గడవడానికి అప్పు ఎవరూ ఇవ్వరు. ఆ డబ్బు ఇప్పుడు ఖర్చయిపోతే, రేపు ఆ భారం పడేది మీ అబ్బాయి మీదే. ఇంట్లో ఈ మాట మీద రెండో చర్చ వద్దు.

ఇక మిగిలిన రెండింటి సంగతి. ఎవరి వాదన గొప్పదో తేల్చే ముందు లెక్క వేద్దాం. పని పూర్తిగా నేర్చుకున్న ఎలక్ట్రీషియన్ ఏడాది జీతాన్ని 100 అనుకోండి. అప్రెంటిస్‌గా ఉన్న నాలుగేళ్లలో మీవాడికి వరసగా 40, 50, 60, 70 చొప్పున వచ్చాయనుకుందాం. మొత్తం 220. డిగ్రీకి ఏడాదికి 50 చొప్పున నాలుగేళ్లకు 200 ఖర్చవుతుందనుకుందాం. తిండి, బట్టలు ఎలాగూ రెండు వైపులా ఉంటాయి కాబట్టి వదిలేద్దాం. అంటే 22 ఏళ్లు వచ్చేసరికి రెండు దారుల మధ్య తేడా 420. నాలుగేళ్ల జీతం పైమాటే. ఫీజు మాత్రమే ఖర్చు అనుకుంటాం గానీ, చదువుకునే రోజుల్లో రాకుండా పోయిన సంపాదన అంతకన్నా పెద్దది కావచ్చు.

ఈ 420 ఎప్పటికి పూడుతుంది? డిగ్రీ చేసినవాడికి ఏటా 50 ఎక్కువ వస్తే ఎనిమిదిన్నరేళ్లలో, అంటే ముప్పై దాటేసరికి పూడుతుంది. 25 ఎక్కువ వస్తే 17 ఏళ్లు, అంటే 39వ ఏట. పదే ఎక్కువ వస్తే 42 ఏళ్లు పడుతుంది. అప్పటికి మీ అబ్బాయికి 64 వస్తాయి. ఇదంతా వడ్డీ కలపకుండా వేసిన లెక్క. డిగ్రీ మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఇందుకే ఒక్క జవాబు ఉండదు. ఏ డిగ్రీ, ఎంత ఖర్చు, దాని తర్వాత ఏ ఉద్యోగం అన్నవి తెలిస్తేనే జవాబు దొరుకుతుంది.

ఇప్పుడు లోన్ సంగతి. సగం ఖర్చుకి, అంటే 100కి, లోన్ కావాలి. వడ్డీ ఏటా 10 శాతం అనుకుందాం. నాలుగేళ్లూ సమానంగా 25 చొప్పున తీసుకుంటే, చదువు పూర్తయ్యే రోజుకి వడ్డీ పెరిగి అది దాదాపు 128 అవుతుంది. దాన్ని పదేళ్ల ఈఎంఐలుగా కడితే మొత్తం 202 కట్టాలి. తీసుకున్నదానికి రెట్టింపు! ఏడాదికి 20 పోతుంది. డిగ్రీ వల్ల జీతం 25 పెరిగినా, అందులో 20 బ్యాంకుకే పోతుంది. 32 ఏళ్లు వచ్చేదాకా చేతిలో మిగిలేది అప్రెంటిస్‌షిప్ చేసినవాడి కంటే 5 మాత్రమే ఎక్కువ. ఒకవేళ లోన్ తప్పదనుకుంటే ముందు దాచిన డబ్బు వాడండి, లోన్ చివరి రెండేళ్లకు ఉంచండి. అలా చేస్తే కట్టాల్సింది 202 నుంచి 183కి దిగుతుంది.

ఒక మినహాయింపు ఉంది. కొన్ని దేశాల్లో చదువు అప్పు ఈఎంఐ లాంటిది కాదు. ఆస్ట్రేలియాలో 1989 నుంచి, ఇంగ్లండ్‌లో ఇప్పుడు, జీతం ఒక స్థాయి దాటాకే తిరిగి కట్టడం మొదలవుతుంది. ఉద్యోగం లేకపోతే కట్టక్కర్లేదు. మీకు దొరికే లోన్ అలాంటిదైతే నేను చెప్పిన భయంలో సగం తగ్గించుకోవచ్చు. మొదటి నెల నుంచే ఈఎంఐ కట్టాల్సిన లోన్ అయితే నేను పెట్టే హద్దు ఒకటే: మొత్తం అప్పు ఆ చదువుతో వచ్చే మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదు.

మీవారి మాటలో న్యాయం లేదని నేను అనను. అభివృద్ధి చెందిన దేశాల్లో దాదాపు అన్నిచోట్లా సగటున డిగ్రీ ఉన్నవాళ్ల జీతం ఎక్కువ, నిరుద్యోగం తక్కువ. వైద్యం, న్యాయవాద వృత్తి లాంటి తలుపులు చాలాచోట్ల డిగ్రీ లేకుండా తెరుచుకోవు. అయితే సగటు అన్నది ఒక మనిషి కథ కాదు. బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ 2020లో, అలాంటి నేపథ్యమే ఉండి కాలేజీకి వెళ్లనివాళ్లతో పోల్చి, జీవితకాల సంపాదన మీద అంచనా వేసింది. డిగ్రీ చేసిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు, వెళ్లకుండా ఉంటే డబ్బు పరంగా మెరుగ్గా ఉండేవారని అందులో తేలింది. మిగతా నలుగురికీ లాభమే. అయితే ఆ లాభం వైద్యం, అర్థశాస్త్రం లాంటి చదువుల్లో చాలా ఎక్కువ. కళలకు సంబంధించిన చదువుల్లో సగటున ఇంచుమించు ఏమీ ఉండదు. మీవారు "ఏదో ఒక డిగ్రీ" అన్నారు చూడండి, నాకు అభ్యంతరం ఆ "ఏదో ఒక" దగ్గరే.

ఇంకో సంగతి. డిగ్రీలో చేరడం వేరు, పూర్తి చేయడం వేరు. ఓఈసీడీ (ఎక్కువగా అభివృద్ధి చెందిన దేశాల కూటమి) దేశాల్లో డిగ్రీలో చేరినవాళ్లలో అనుకున్న గడువుకే పూర్తి చేసేది పదిమందిలో సుమారు నలుగురు. ఇంకో మూడేళ్లు అదనంగా ఇచ్చినా మూడింట రెండు వంతుల మందే పూర్తి చేస్తారు. మధ్యలో వదిలేస్తే చదివినంతవరకూ విలువ వస్తుందని అనుకోకండి. అర్థశాస్త్రవేత్తలు దీన్ని "గొర్రెతోలు ప్రభావం" అంటారు. ఒకప్పుడు పట్టాలను గొర్రెతోలు మీద రాసేవారు, అందుకే ఆ పేరు. జీతంలో పెద్ద పెరుగుదల వచ్చేది పట్టా చేతికి వచ్చాకే. మూడేళ్లు చదివి ఆపేసినవాడికి అప్పు ముప్పాతిక వంతు మిగులుతుంది, లాభం మాత్రం ముప్పాతిక వంతు రాదు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇలాంటివాళ్లే. ఇష్టం లేని చదువులో తల్లిదండ్రుల మాట మీద చేరిన పిల్లవాడు ఆ గుంపులో చేరే ప్రమాదం ఎక్కువ.

అలాగని వృత్తి విద్య అన్న పేరున్న ప్రతిదీ మంచిదని కాదు. ఇక్కడ మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి. జర్మనీలో 1969 చట్టం కింద నడిచే పద్ధతి చూడండి. కుర్రాడు కంపెనీతో రాతపూర్వక ఒప్పందం చేసుకుంటాడు. వారంలో మూడు నాలుగు రోజులు అక్కడ పని, ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో చదువు. నెలనెలా భత్యం వస్తుంది. ఎలక్ట్రీషియన్ శిక్షణ మూడున్నరేళ్లు. చివర్లో పరీక్ష పెట్టేది ఆ కంపెనీ కాదు, బయటి మండలి. అందుకే ఆ సర్టిఫికెట్‌ని దేశమంతటా నమ్ముతారు. పైగా దారి అక్కడితో ఆగదు. తర్వాత మైస్టర్ అనే పై స్థాయి వృత్తి పరీక్ష పాసైతే, ఆ అర్హతను అక్కడి అర్హతల పట్టికలో బ్యాచిలర్ డిగ్రీతో సమానమైన ఆరో స్థాయిలో పెట్టారు. ఆ అర్హతతో యూనివర్సిటీలోనూ చేరవచ్చు. స్విట్జర్లాండ్‌లో దాదాపు మూడింట రెండు వంతుల మంది పిల్లలు వృత్తి విద్యలోకే వెళ్తారు. అక్కడ దాన్ని మార్కులు రాని పిల్లల చదువుగా ఎవరూ చూడరు.

దీనికి పూర్తి భిన్నంగా, పెద్ద ఫీజు తీసుకుని ఆరు నెలలు గదిలో బోర్డు మీద వైరింగ్ చూపించి, తమ పేరుతోనే సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు ఉంటాయి. దానికీ దీనికీ పేరొక్కటే కలుస్తుంది. మీ అబ్బాయిని తీసుకుంటానన్న కంపెనీని నేరుగా అడగండి. జీతం మొదటి రోజు నుంచి ఇస్తారా, పరీక్ష ఎవరు పెడతారు, క్రితం సారి చేరినవాళ్లలో ఎంతమంది చివరిదాకా ఉన్నారు, వాళ్లలో ఎంతమందికి ఉద్యోగం ఇచ్చారు? సమాధానాలు నీళ్లు నములుతూ వస్తే ఆ చోటు వద్దు. లెక్కలు, సిద్ధాంతం ఎంతవరకు నేర్పుతారో కూడా కనుక్కోండి. వైరు లాగడం ఒక ఏడాదిలో వస్తుంది. ఒక భవనం ఎంత లోడు తీసుకుంటుందో లెక్క కట్టగలిగితేనే రేపు సొంతంగా కాంట్రాక్టు తీసుకోగలడు. మీవారు భయపడుతున్న "ఒకరి కింద" అన్న మాటకు జవాబు అక్కడే ఉంది.

వృత్తి విద్యకు ఉన్న నిజమైన బలహీనత ఇంకోటి ఉంది. దాన్ని దాచిపెట్టి మీకు సలహా చెప్పడం తప్పు. అర్థశాస్త్రవేత్తలు హనుషెక్, వోస్‌మన్ మరో ఇద్దరితో కలిసి 11 దేశాల వివరాలతో చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. వృత్తి విద్య చదివినవాళ్లకు మొదట్లో ఉద్యోగాలు తేలిగ్గా దొరుకుతాయి. వయసు పెరిగేకొద్దీ ఆ అనుకూలత తగ్గుతూ వచ్చి, చివరికి తిరగబడుతుంది. అప్రెంటిస్‌షిప్ బలంగా ఉన్న దేశాల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. కారణం ఊహించగలిగిందే: ఒక పనికి పదును పెట్టిన చెయ్యి, ఆ పని మారినప్పుడు ఇబ్బంది పడుతుంది. కంప్యూటర్, ఇంజినీరింగ్ డిగ్రీలూ దీనికి అతీతం కాదు, వాటిలో నేర్చుకున్న నైపుణ్యాలు కూడా త్వరగా పాతబడతాయని డెమింగ్, నోరే అనే అర్థశాస్త్రవేత్తలు 2020లో చూపించారు. కానీ చేతిపనిలో ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. నలభై దాటాక నిచ్చెన ఎక్కే మోకాళ్లూ మునుపటిలా ఉండవు.

అందుకే నా సలహా ఇది. కంపెనీ ఒప్పందం నేను చెప్పినట్టు గట్టిగా ఉంటే మీ అబ్బాయిని అప్రెంటిస్‌గా చేరనివ్వండి. కానీ డిగ్రీ కోసం దాచిన డబ్బు మిగిలిపోయిందని ఇంటి రిపేర్లకో, కారుకో వాడకండి. అది ఇప్పటికీ వాడి చదువు డబ్బే, చదివే వయసు మారిందంతే.

మన లెక్కలో దాచిన డబ్బు 100. అందులో ఓ 15 పనిముట్లకు, పరీక్ష ఫీజులకు, లైసెన్సుకు తీయండి. మంచి మీటరు, రక్షణ బూట్లు, చేతి తొడుగులు కొనేటప్పుడు పీనాసితనం వద్దు. ఓ 35 నాలుగైదేళ్లలో తీసుకునేలా భద్రమైన డిపాజిట్‌లో ఉంచండి. శిక్షణ అయ్యాక సోలార్, వాహనాల చార్జింగ్ లాంటి వాటిలో పై కోర్సు చేయాలన్నా, సాయంత్రం తరగతుల్లో డిగ్రీకే వెళ్లాలన్నా అది పనికొస్తుంది. బ్రిటన్‌లో 2015 నుంచి జీతం తీసుకుంటూనే డిగ్రీ పూర్తి చేసే అప్రెంటిస్‌షిప్‌లు ఉన్నాయి. అలాంటి అవకాశం మీకు అందుబాటులో ఉంటే మీ ఇంట్లో గొడవ సగం తీరినట్టే. మిగిలిన 50 దీర్ఘకాలం కోసం పెట్టండి. ధరల పెరుగుదల పోగా ఏటా 3 శాతం పెరిగినా, 24 ఏళ్లలో రెట్టింపవుతుంది. అంటే 42వ ఏట వాడి చేతిలో ఒక పూర్తి ఏడాది జీతం ఉంటుంది. సరిగ్గా నైపుణ్యం పాతబడే వయసులో, ఏడాది పాటు పని మానేసి కొత్తది నేర్చుకోగలడు, లేదా నలుగురిని పెట్టుకుని సొంత సంస్థ నడపగలడు. పరిశోధన చెప్పిన ఆ బలహీనతకు నాకు తెలిసిన మందు ఇదే.

మొదటి జీతం వచ్చిన నెలలోనే ప్రమాద బీమా, పని చేయలేని స్థితి వస్తే ఆదాయం ఇచ్చే బీమా తీసుకోమనండి. కరెంటుతో, ఎత్తులతో చేసే పని అది. వాడి పెట్టుబడి వాడి ఒళ్లే. భత్యంలో పదో వంతు అప్పటినుంచే పొదుపు చేయడం అలవాటైతే, 22లో మొదలుపెట్టేవాడి కంటే నాలుగేళ్లు ముందుంటాడు. ఏటా 6 శాతం చొప్పున, 18లో వేసిన రూపాయి 60కి పదకొండున్నర అవుతుంది, 22లో వేసింది తొమ్మిది దాటి ఆగుతుంది.

నా సలహా మారే సందర్భాలూ ఉన్నాయి. వాడికి నిజంగా ఇష్టమైన డిగ్రీ ఒకటి ఉండి, అది ఫలానా ఉద్యోగానికి తప్పనిసరి అయి, అప్పు నేను చెప్పిన హద్దులోనే ఉంటే డిగ్రీకే పంపండి. అలాగే పుస్తకాల మీద విసుగుతో మాత్రమే ఈ పని అంటున్నాడేమో చూడండి. ఎలక్ట్రీషియన్ పరీక్షల్లో పుస్తకం తక్కువేమీ ఉండదు. చేరే ముందు రెండు మూడు వారాలు ఎవరైనా అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌తో కలిసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరగమనండి.

ఈ నెలలో చేయాల్సింది ఇంతే. అబ్బాయిని కంపెనీ ఒప్పందం కాగితం తెమ్మనండి. మీవారిని ఒకే ఒక్క డిగ్రీ పేరు, దాని మొత్తం ఖర్చు, క్రితం ఏడాది అది పూర్తి చేసినవాళ్ల మొదటి జీతం రాసి తెమ్మనండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, పైన నేను వేసిన లెక్కలో మీ అంకెలు వేసి చూడండి. ఎక్కడైనా చిక్కుపడితే ఆ అంకెలతో మళ్లీ రాయండి, కూర్చుని చూద్దాం.