చాలా ఏళ్ల తర్వాత మళ్లీ బండెక్కుతున్నాను, ఎలాంటి అడ్వెంచర్ బైక్ (తారు రోడ్డు మీదా మట్టిదారుల్లోనూ నడిచే బండి) తీసుకోవాలి?

సీసీల సంగతి తర్వాత, ముందు బరువు చూడండి. బండి పరిగెడుతున్నంతసేపూ బరువు తెలియదు. అసలు ఇబ్బంది గులకరాళ్ల మీద యూటర్న్ కొట్టేటప్పుడు, ఏటవాలులో ఆపేటప్పుడు, పడ్డ బండిని లేపేటప్పుడు. బీఎండబ్ల్యూ ఆర్ 1250 జీఎస్ దాదాపు 249 కిలోలు, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 సుమారు 196. సామాను పెట్టెలు కడితే ఏదైనా ఇంకా బరువెక్కుతుంది. అందుకే 200 కిలోల లోపు బండితో మొదలుపెట్టమంటాను. 40-50 హార్స్‌పవర్ ఉంటే హైవేకి కూడా సరిపోతుంది.

సీటు ఎత్తు విషయంలో కాగితం మీది అంకెను నమ్మకండి. సీటు వెడల్పుగా ఉంటే తొడలు ఎడంగా జరిగి, అదే ఎత్తులోనూ కాలు నేలకు అందదు. రైడింగ్ బూట్లు వేసుకుని వెళ్లి కూర్చుని చూడండి. రెండు మడమలూ ఆనక్కర్లేదు, పాదాల ముందు భాగం గట్టిగా ఆనితే చాలు. అప్పటికీ అందకపోతే చాలా మోడళ్లకు తక్కువ ఎత్తు సీటు విడిగా దొరుకుతుంది.

ముందు చక్రం 21 అంగుళాలైతే రాళ్లు, గుంతలు సులువుగా దాటుతుంది. 19 అంగుళాలైతే తారు రోడ్డు మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. ఎక్కువమంది తిరిగేది తారు మీదే (ఫొటోలు మాత్రం మట్టిలో!), కాబట్టి 19 చాలు. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉండాల్సిందే. మట్టిదారుల కోసం వెనక చక్రానికి దాన్ని ఆపుకునే స్విచ్ ఉంటే మంచిది.

కొనేముందు ఒకటి రెండు రోజుల రిఫ్రెషర్ శిక్షణ తీసుకోండి, వీలైతే అక్కడి బండి మీదే.