ఇల్లు బాబు పేరునా, అక్క పేరునా? రెండూ వద్దండీ

మీరు రాసింది చదివాను. బాబుకి 17 ఏళ్లు, 75 శాతం మేధో వైకల్యం, సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉంది. వాళ్ల నాన్న పాత పెన్షన్ కింద ఉన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి, వయసు 50. ఉన్న ఒక్క ఇల్లు బాబు పేరున రాయాలా, అక్క పేరున రాసి తమ్ముణ్ణి చూసుకోమనాలా అని అడిగారు.

బాబు పేరున రాస్తే, రేపు అమ్మాల్సి వచ్చినా అద్దెకివ్వాల్సి వచ్చినా వాడి సంతకం చెల్లదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కోర్టు దాకా తిరగాల్సి రావచ్చు. అక్క పేరున రాస్తే అది అక్క ఆస్తే. ఆమె ఎంత ప్రేమగల పిల్లయినా, ఆ ఇల్లు అప్పుకు తాకట్టు పడినా, ఆమె ముందే పోయి వారసులకు చేరినా తమ్ముడికి అందులో హక్కు ఉండదు. దారి ట్రస్టు, అంటే ఆస్తిని బాబు కోసమే వాడేలా ట్రస్టీలనే నమ్మకస్తుల చేతిలో పెట్టే ఏర్పాటు. కానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

18 నిండిన రోజు నుంచి తల్లిదండ్రులుగా మీకు వాడి తరఫున సంతకం పెట్టే అధికారం ఉండదు. మైనర్ ఖాతా కూడా అక్కడే ఆగుతుంది. మేధో వైకల్యం, ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది. మీరిద్దరూ కలిసి ఫారం ఎ లో గార్డియన్‌షిప్‌కి, అంటే వాడి తరఫున చట్టబద్ధ సంరక్షకులుగా ఉండడానికి, దరఖాస్తు పెట్టండి. ఆధార్‌లో, సదరంలో, పుట్టినతేదీ సర్టిఫికెట్‌లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, సరిచేయించడానికే నెలలు పడుతుంది. సర్టిఫికెట్ మీద మేధో వైకల్యం బదులు మానసిక రుగ్మత అని పడితే ఈ చట్టం వర్తించదు.

గార్డియన్‌షిప్ వచ్చిన ఆరు నెలల్లో బాబు పేరున ఉన్న ఆస్తుల, అప్పుల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఆ తర్వాత ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో, అంటే జూన్ ఆఖరులోపు, లెక్కలు ఇవ్వాలి. చాలామంది ఇది వదిలేస్తారు. బ్యాంకు ఈ సర్టిఫికెట్ చెల్లదంటే, దీన్ని అంగీకరించాలని రిజర్వ్ బ్యాంకు 2007లోనే చెప్పిందని రాతపూర్వకంగా అడగండి. ఇంకొకటి: "మా తర్వాత అక్కే గార్డియన్" అని వీలునామాలో రాసినంత మాత్రాన, 18 దాటిన వ్యక్తి విషయంలో అది నియామకం అయిపోదు. అప్పుడు అక్క మళ్లీ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ సంగతి ఆమెకు ఇప్పుడే తెలియాలి.

ఇక ట్రస్టు. 1882 ట్రస్టుల చట్టం కింద ప్రైవేట్ ట్రస్టు, లబ్ధిదారు బాబు ఒక్కడే. పదివేలతో మొదలుపెట్టి పాన్, బ్యాంకు ఖాతా తీయండి. ఇల్లు, మిగతా డబ్బు మీ తదనంతరం ట్రస్టుకు చేరేలా వీలునామా ఇద్దరూ విడివిడిగా రాయండి, ఒక్కోదానికి ఇద్దరు సాక్షులు. ఇల్లు ఇప్పుడే ట్రస్టుకు ఇస్తే మాత్రం డీడ్ (ట్రస్టు పత్రం) రిజిస్టర్ చేయాలి. ఆదాయం పూర్తిగా బాబుదేనని డీడ్‌లో స్పష్టంగా ఉంటే పన్ను వాడి శ్లాబు ప్రకారం పడుతుంది. లబ్ధిదారులుగా ఇంకో ఇద్దరి పేర్లు చేర్చి ఎవరికెంతో ట్రస్టీల ఇష్టానికి వదిలితే గరిష్ఠ రేటు పడే ప్రమాదం ఉంది.

గార్డియన్, ట్రస్టీ ఒక్కరే కావద్దు. అక్క గార్డియన్ అయితే, చెక్కు మీద ఆమె కాకుండా ఇద్దరు ట్రస్టీల సంతకాలు ఉండాలి. హాస్టల్ ఫీజు, డాక్టరు బిల్లు ట్రస్టు నేరుగా కట్టాలి. నెలవారీ చిల్లర ఖర్చుకు మాత్రం ఒక మొత్తం ఆమె చేతికివ్వాలి, బాబు కోసం ఆమె వెచ్చించే సమయానికి కూడా కొంత రాయండి. బాబు తర్వాత మిగిలింది ట్రస్టీలకే అని మాత్రం ఎప్పుడూ రాయకండి. ఖర్చు తగ్గించిన కొద్దీ ట్రస్టీకి లాభం అన్నట్టవుతుంది.

ఎంత కావాలంటే: బాబు ఖర్చు నెలకు నేటి లెక్కన 20,000 అనుకుందాం. మీ తర్వాత 29 ఏళ్ల పాటు, డబ్బు మీద వచ్చే వడ్డీ ధరలు పెరిగే దానికి సరిపోతుందనుకుంటే, నేటి రూపాయల్లో దాదాపు 70 లక్షలు. కంగారుపడకండి, ఇందులో చాలా భాగం, ఉద్యోగి పోయాక కుటుంబానికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ తీరుస్తుంది. వైకల్యం వల్ల సంపాదించుకోలేని బిడ్డకు అది జీవితాంతం వస్తుంది. వాళ్ల నాన్న ఉన్నప్పుడే బాబు పేరు కుటుంబ వివరాల్లో, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు)లో ఎక్కించండి, లేకపోతే రుజువుల భారమంతా అక్క మీద పడుతుంది. ఇక్కడే ఒక చిక్కు: బాబు ఇతర ఆదాయం, ఆయన ఆఖరి జీతంలో 30 శాతం, దాని మీద డీఆర్ (పెన్షన్‌పై ఇచ్చే కరువు భృతి) కలిపిన మొత్తం కంటే తక్కువగా లేకపోతే ఆ పెన్షన్ రాదు. 2021 ఫిబ్రవరి నుంచి ఇదే పరిమితి. ఇంటి అద్దె, ట్రస్టు వడ్డీ బాబు ఆదాయంగా పడేలా డీడ్ రాయించే ముందు ఈ లెక్క వేసి, వకీలుకూ ఆడిటర్‌కూ కలిపి చూపించండి. వాళ్లిద్దరూ విడివిడిగా చూస్తే ఒకరు పన్ను, ఇంకొకరు పత్రం చూసి, పెన్షన్ సంగతి ఎవరూ అడగరు.