సాక్షులు లేని కేసా, ఒక్క సాక్షి ఉన్న కేసా?

సందేహం: ఒక అత్యాచారం కేసు కొట్టేశారని పేపర్లో చదివాను. "సాక్షులు లేకపోవడంతో ఆరోపణ రుజువు కాలేదు" అని రాశారు. మా ఇంట్లో అందరూ "అయితే ఆ అమ్మాయి చెప్పింది అబద్ధమన్నమాట" అనేశారు. ఆ అర్థం వస్తుందా? సాక్ష్యం, వాంగ్మూలం ఒకటేనా? – ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: రాదమ్మా. 1872 నాటి సాక్ష్య చట్టం మూడో సెక్షన్‌లోనే మూడు స్థితులు విడివిడిగా ఉండేవి: జరిగిందని రుజువైంది, జరగలేదని రుజువైంది, రెండూ తేలలేదు. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోనూ అంతే. "రుజువు కాలేదు" అంటే ఈ మూడోది. రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్, సహేతుకమైన అనుమానం మిగిలితే ముద్దాయిని వదిలేస్తారు, దాన్నే కోర్టుల్లో బెనిఫిట్ ఆఫ్ డౌట్ అంటారు. అతను చట్టం దృష్టిలో నిర్దోషే, ఆ మాట అనొచ్చు. ఆమె అబద్ధం చెప్పిందనాలంటే మాత్రం తీర్పులో జడ్జిగారు ఆ మాట అని ఉండాలి.

ఇక "సాక్షులు లేరు" అన్నది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. స్వయంగా చూసినవాడు సాక్షి అని పాణిని ఎప్పుడో చెప్పాడు, కానీ మన వాడుకలో దానికి "మూడో మనిషి" అనే అర్థం అంటుకుపోయింది, పల్నాడు రచ్చబండ దగ్గర "చూసినోళ్ళెవరయ్యా?" అంటే పక్కవాళ్ళ గురించే కదా. నాలుగ్గోడల మధ్య జరిగే నేరానికి మూడో మనిషిని ఎక్కణ్ణించి తెస్తారు? బోనెక్కి ప్రమాణం చేసిన బాధితురాలే అక్కడ సాక్షి, చాలా కేసుల్లో పీడబ్ల్యూ వన్, అంటే ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి. ఇంతమంది సాక్షులుండాలన్న లెక్క చట్టంలో లేదు. ఆమె మాట నమ్మదగ్గదైతే అదొక్కటే చాలని సుప్రీంకోర్టు 1996లో ఒక పంజాబ్ కేసులో గట్టిగా చెప్పింది. అలాగని ఏం చెప్పినా శిక్ష పడుతుందని కాదు. క్రాస్‌లో, అంటే ఎదుటి వకీలు అడిగే ప్రశ్నల్లో, ఆమె మాట నిలబడిందా, వచ్చిన తేడాలు అసలు సంగతిలోనా లేక టైము, చొక్కా రంగు లాంటి చిల్లర విషయాల్లోనా, ఫిర్యాదు ఆలస్యమైతే ఎందుకైంది, డాక్టరు రిపోర్టూ ఫోన్ రికార్డులూ ఆమె చెప్పినదానికి సరిపోతున్నాయా, ఇవన్నీ చూస్తారు. ఆమె నడవడిక ఎలాంటిదని తవ్వడానికి వీల్లేదు, ఆ వెసులుబాటు ఇచ్చిన క్లాజును 2002లోనే తీసేశారు.

వాంగ్మూలం వేరు. పోలీసులకో మేజిస్ట్రేటుకో ముందుగా చెప్పి రాయించేది వాంగ్మూలం, విచారణలో ప్రమాణం చేసి క్రాస్‌కి నిలబడి చెప్పేది సాక్ష్యం. మేజిస్ట్రేటు ముందు ఇచ్చిందైనా సరే, కోర్టులో చెప్పినదానికి బలంగానో దాన్ని కాదనడానికో పనికొస్తుంది గానీ దాని మీదే శిక్ష వేయలేరు. కాబట్టి "పోలీసులకు సాక్ష్యం చెప్పింది" అని రాయడం తప్పు.

మీరు అడగలేదు గానీ ఇంకోటి కూడా. "వైద్య పరీక్షలో అత్యాచారం నిర్ధారణ" అని హెడ్డింగులు పెడుతుంటారు. డాక్టరు చెప్పగలిగేది గాయాల గురించీ, వీర్యం ఆనవాళ్ళ గురించీ. అత్యాచారం అన్నది చట్టం మాట, అది తేల్చాల్సింది జడ్జి. గాయాలు లేకపోతే ఆమె ఒప్పుకున్నట్టూ కాదు, పెనుగులాడలేదన్న ఒక్క కారణంతో సమ్మతి ఉందనుకోకూడదని చట్టంలోనే రాసి ఉంది. విలేకరి మిత్రులు "శరీరం మీద గాయాలున్నట్టు డాక్టరు చెప్పారు" అని రాస్తే సరిపోతుంది.