పలుపుతాడు చేతికిచ్చే ముందు

మొన్న సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చాను. మర్నాడు పొద్దున్న అరుగు మీద కూచుని కాఫీ తాగుతుంటే పక్కింటి పిన్ని ఫోన్ పట్టుకుని వచ్చింది. "బాబూ, మా గుంటడు అక్కడ కారు అమ్మేస్తన్నాడట. ఎవుడో చెక్కు పంపుతానన్నాడట. నువ్వోపాలి మాటాడు" అంది. ఫోన్‌లో ఆ అబ్బాయి. డాలస్‌లో అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర. వాడు అక్కడికి వెళ్ళి మూడేళ్ళయింది. ప్రాజెక్టు అయిపోయింది, ఇంకో పన్నెండు రోజుల్లో ఇంటికి వచ్చేయాలి. నేనూ ఆ ఊళ్ళోనే పంతొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను.

"అన్నయ్యా, సివిక్‌కి పదమూడున్నర వేల డాలర్లు చెప్పాను. ఒకాయన బేరమే ఆడకుండా ఒప్పుకున్నాడు. ఊళ్ళో లేడట. పదిహేను వేలకి క్యాషియర్స్ చెక్ పంపుతాడట. ఎక్కువ వచ్చిన పదిహేను వందలు కారు ఎక్కించుకెళ్ళే ట్రక్కువాడికి ఇచ్చేయమన్నాడు."

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు చల్లబడింది. కారు చూడనివాడు, బేరం ఆడనివాడు, అడిగినదాని కంటే ఎక్కువ పంపేవాడు, అందులో కొంత ఇంకొకరికి ఇమ్మనేవాడు. ఈ నాలుగూ ఒకచోట కలిస్తే అది మోసమే. వాడు పంపేది దొంగ చెక్కు.

"కానీ అన్నయ్యా, క్యాషియర్స్ చెక్ అంటే బ్యాంకు ఇచ్చేదేగా? వేసిన మర్నాటికే అకౌంట్లో డబ్బు కనిపిస్తుందంటున్నారు" అన్నాడు. కొత్తగా వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది పడిపోయేది ఇక్కడే. అమెరికాలో మీరు వేసిన చెక్కు డబ్బు ఇన్ని రోజుల్లోపు మీ చేతికి అందుబాటులో పెట్టాలని బ్యాంకులకు చట్టం గడువు పెట్టింది. క్యాషియర్స్ చెక్ అయితే చాలాసార్లు మర్నాడే కనిపిస్తుంది. కనిపించడం వేరు, ఆ చెక్కు నిజంగా పాసవడం వేరు. అది దొంగ చెక్కని తేలడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. తేలిన రోజున బ్యాంకు ఆ పదిహేను వేలూ మీ ఖాతాలోంచి వెనక్కి లాగేసుకుంటుంది. అప్పటికి కారు పోయింది, ట్రక్కువాడి పేరుతో ఇచ్చిన పదిహేను వందలూ పోయాయి. మీరు ఇండియాలో ఉంటారు, అక్కడ మీ పేరున బాకీ ఉంటుంది.

మా తాతయ్య అలమండ సంతలో ఎడ్లు అమ్మేవాడు. చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు నన్నూ తీసుకెళ్ళాడు. తువ్వాలు కింద చేతులు కలిపి బేరం ముగించుకున్నాక కొనేవాడు ఎద్దు మెడ మీద చెయ్యి వేసేవాడు. తాతయ్య మాత్రం పలుపుతాడు తన మణికట్టుకే చుట్టి ఉంచేవాడు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, పంచె మొలలో దోపుకుని, అప్పుడు విప్పి ఇచ్చేవాడు. ఆ తరవాత ఇద్దరూ కలిసి ఆశీలు (సంత రుసుము) కట్టి చీటీ రాయించుకునేవారు. డాలస్‌లో కారు అమ్మినా ఈ వరస మారకూడదు. ముందు సొమ్ము, తరవాత తాళం, ఆ వెంటనే చీటీ.

సొమ్ము ఎలా తీసుకోవాలి? కొనేవాడి బ్యాంకు బ్రాంచికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. క్యాషియర్స్ చెక్కే ఇస్తానంటే మీ కళ్ళముందు కౌంటర్‌లో ఉద్యోగి రాసి ఇవ్వాలి. ఇంట్లోంచి తెచ్చిన చెక్కు, కొరియర్‌లో వచ్చిన చెక్కు ముట్టుకోవద్దు. నగదు అయితే అదే కౌంటర్‌లో లెక్కపెట్టించి దొంగనోట్లు లేవని చూపించుకోండి. పెద్ద మొత్తానికి బ్యాంకు నుంచి వైర్ (నేరుగా మీ ఖాతాకి బదిలీ) చేయించుకోవడం కూడా మంచి పద్ధతే. ఏదైనా సరే పనిదినాన, బ్యాంకు తెరిచి ఉన్న వేళలో పెట్టుకోండి. శనివారం సాయంత్రం బ్యాంకు మూశాక వస్తానన్నవాణ్ణి సోమవారం రమ్మనండి.

నగదు గురించి ఒక మాట. పదివేల డాలర్లు దాటి నగదు వేస్తే బ్యాంకు ప్రభుత్వానికి ఒక రిపోర్టు పంపుతుంది. ఇది విని మనవాళ్ళు కొందరు కంగారుపడి ఇవాళ ఐదు వేలు, ఎల్లుండి నాలుగు వేలు అని ముక్కలు చేసి వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రిపోర్టు వల్ల మీకేమీ కాదు, అమ్మకం కాయితాలు మీ దగ్గర ఉన్నాయి. రిపోర్టు తప్పించుకోవడానికి ముక్కలు చేయడమే అక్కడ నేరం.

జెల్‌లో (అక్కడ బ్యాంకు ఖాతాకి నేరుగా డబ్బు పంపే పద్ధతి) డబ్బు పంపించానని ఈమెయిల్ చూపించేవాళ్ళు ఉంటారు. "మీ అకౌంట్ బిజినెస్ అకౌంట్‌గా మార్చుకుంటేనే డబ్బు పడుతుంది, దానికి మూడు వందలు కట్టండి" అని ఆ మెయిల్లో రాసి ఉంటుంది. జెల్ అలాంటి మెయిల్ పంపదు. మీ బ్యాంకు యాప్ మీరే తెరిచి చూసుకోండి. అక్కడ లేకపోతే డబ్బు రానట్టే. ఇంకొకడు "మీరు నిజమైన మనిషో కాదో చూడాలి, మీ ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది చెప్పండి" అంటాడు. ఆ కోడ్ చెబితే మీ నంబరు మీద వాడు గూగుల్ వాయిస్ (ఇంటర్నెట్ ఫోన్ నంబరు) ఖాతా తెరుచుకుని ఇంకొకరిని మోసం చేస్తాడు. మరొకడు పేరు వినని సైట్ చెప్పి అందులో కారు హిస్టరీ రిపోర్టు కొనమంటాడు. వాడికి కావాల్సింది మీ కార్డు నంబరు. రిపోర్టు కావాలంటే ప్రభుత్వం వారి వెహికల్ హిస్టరీ డాట్ గవ్‌లో ఒప్పుకున్న కంపెనీల పేర్లు ఉంటాయి, అక్కడ చూసుకోమనండి.

టెస్ట్ డ్రైవ్‌కి పోలీస్ స్టేషన్ ఆవరణ మంచిది. చాలా ఊళ్ళలో ఇలాంటి లావాదేవీల కోసమే కెమెరాలు పెట్టి చోటు కేటాయించారు. పేటల్లో మన ఇంటికి ఎవరైనా వస్తారు, మంచినీళ్ళు ఇస్తాం. అక్కడ అపార్ట్‌మెంట్ నంబరు చెప్పకండి. వచ్చినవాడి లైసెన్స్ ఫోటో తీసి స్నేహితుడికి పంపి, మీరూ కారెక్కండి. తిరిగి వచ్చాక చేతికి వచ్చిన తాళం మీదేనా అని అక్కడే ఒకసారి బటన్ నొక్కి చూసుకోండి. చూడటానికి ఒకేలా ఉన్న తాళం చేతిలో పెట్టి, రాత్రి వచ్చి కారు పట్టుకుపోయినవాళ్ళున్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే బానెట్ దగ్గర మనిషిని ఒంటరిగా వదలకండి. ఒకడు మాటల్లో పెడతాడు, ఇంకొకడు కూలెంట్ ట్యాంకులో నూనె పోసి "ఇంజిన్ పోయింది, సగం ధరకిస్తావా" అంటాడు.

ఇంత చెప్పాక ఆ అబ్బాయిని ఒకటే అడిగాను. "టికెట్ సంగతి వాడికి చెప్పావా?" కాసేపు మాట్లాడలేదు. "ప్రకటనలోనే రాశానన్నయ్యా. ఇండియా వెళ్ళిపోతున్నాను, అర్జంటు అని."

నా మనసులో బాధ ఇదే. మన పిల్లలు తెలివి తక్కువై మోసపోవడం లేదు, తొందరలో మోసపోతున్నారు. ఇంటి లీజు ముగియాలి, సామాన్లు అమ్మాలి, ఫ్లైట్ ఎక్కాలి. ఆ టెన్షన్‌లో ఎవరు ముందు డబ్బంటే వాళ్ళకి కారు ఇచ్చేస్తారు. "అర్జంటు" అన్న మాట చూసే మోసగాళ్ళు వస్తారు. ప్రయాణం ఖాయమనుకున్న రోజే అమ్మకం మొదలుపెట్టండి. కారు మీద లోన్ ఉంటే టైటిల్, అంటే కారు ఎవరిదో చెప్పే కాయితం, బ్యాంకు దగ్గరే ఉంటుంది, అది విడిపించుకోవడానికే రోజులు పడుతుంది. వారం ముందు వరకూ అమ్ముడుపోకపోతే పాత కార్లు కొనే పెద్ద డీలర్‌కి ఇచ్చేయండి. వెయ్యో రెండు వేలో తక్కువ వస్తుంది, నిద్రపడుతుంది.

ఇక చీటీ విషయం. 2009లో నా మొదటి కారు అమ్మినప్పుడు సొమ్ము సరిగ్గానే తీసుకున్నాను. టైటిల్ మీద సంతకం పెట్టి, కొనేవాడి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను. "నేను రాసుకుంటాలే" అన్నాడు. అతనూ తెలుగువాడే, అందుకే మొహమాటపడ్డాను. అతను పేరు రాసుకోకుండా ఇంకొకరికి అమ్మేశాడు. నాలుగు నెలలు టోల్ బిల్లులు నా ఇంటికి వచ్చాయి. చివరికి ఒక టోయింగ్ యార్డు (బళ్ళు ఈడ్చుకెళ్ళి ఉంచే చోటు) నుంచి ఉత్తరం: మీ కారు మా దగ్గర ఉంది, రోజుకింత అద్దె అవుతోంది అని. ఆ ఉత్తరం పట్టుకుని మా ఆవిడ గుమ్మంలో నిలబడిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు మా పెద్దవాడు కడుపులో ఉన్నాడు.

కొనేవాడి పేరు, తేదీ, మీటర్ రీడింగ్ మీ ఎదురుగానే నింపించండి. టెక్సస్‌లో అయితే నంబరు ప్లేట్లు విప్పి మీరే ఉంచుకుని, ముప్పై రోజుల్లోగా వెహికల్ ట్రాన్స్‌ఫర్ నోటిఫికేషన్, అంటే కారు అమ్మేశానన్న నోటీసు, ఇవ్వాలి. ముప్పై రోజులు ఎందుకు, ఆ రాత్రే ఆన్‌లైన్‌లో ఇచ్చేయండి. ఇంకా మంచిది, కొనేవాడితో కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకి వెళ్ళి పేరు మార్పించడం. కాలిఫోర్నియాలో గడువు ఐదు రోజులే, ప్లేట్లు కారుతోనే పోతాయి. రాష్ట్రానికో పద్ధతి కాబట్టి మీ రాష్ట్రంలో బళ్ళ రిజిస్ట్రేషన్ చూసే డీఎంవీ ఏం చెప్పిందో చదువుకోండి. మనవాడైనా, మనూరివాడైనా కాయితం కాయితమే.

పిన్ని అంతా విని "మరి మన కారో?" అంది. బాబాయ్ గారి పాత మారుతి, ఏపీ 35 నంబరు, సందులో గుడ్డ కప్పి ఉంది. కొడుకు వచ్చాక కొత్తది కొనాలని దాన్నీ అమ్మకానికి పెట్టారు. ఇక్కడా అంతే పిన్నీ, పేరు మార్పుకిచ్చే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీ సంతకాలు పెట్టి ఇచ్చేయకండి అని చెప్పాను. ఆర్‌సీ బాబాయ్ పేరున ఉన్నంతకాలం ఆ కారు ఎవరిని గుద్దినా జవాబు చెప్పాల్సింది బాబాయే. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో ఆర్టీవోకి తెలపాలి. "డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నవాడి ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున కొట్టేస్తే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అబ్బాయి ఆ రాత్రే ప్రకటనలోంచి "అర్జంటు" తీసేశాడు. ఎనిమిదో రోజున, గురువారం, కొన్నాయన బ్యాంకులో పన్నెండు వేల ఎనిమిది వందలకు అమ్మాడు. విప్పిన ప్లేట్లు ఫోటో తీసి పంపాడు. కారులో ఫోన్ నంబర్లు, ఇంటి అడ్రసు చెరిపేశావా, గ్యారేజీ రిమోటు, టోల్ ట్యాగ్ తీశావా అని అడిగితే ట్యాగ్ మర్చిపోయానన్నాడు. వెంటనే ఆ ట్యాగ్ ఆపించి, ట్రాన్స్‌ఫర్ నోటీసు అందినట్టు కాయితం వచ్చాకే ఇన్సూరెన్స్ రద్దు చేసుకోమన్నాను.